చదును నేల మీద పడ్డ లైన్‌మన్

ఆ ఇంటి కోడలిది గణాంకాల కార్యాలయంలో ఉద్యోగం. జనం ఎలా పోతున్నారో లెక్క తేల్చడం ఆమె పని. జబ్బులతో పోయినవాళ్లు పక్క గదివాళ్ల వాటా. ఈమె వాటాకు ప్రమాదాలు వచ్చాయి. నీళ్లలో మునిగినవాళ్లు, మంటల్లో చిక్కుకున్నవాళ్లు, బండ్ల కింద పడ్డవాళ్లు అందరూ ఆమె కంప్యూటర్ తెర మీద రంగురంగుల గీతలై కనిపిస్తారు. చాలా ఏళ్లుగా ఆ గీతల్లో ఎక్కువ భాగం కిందికే దిగుతున్నాయి. పిల్లలకు ఈత నేర్పడం మొదలుపెట్టాక నీలం గీత దిగింది. హెల్మెట్లూ సీటుబెల్టులూ వచ్చి నల్లగీత మెడలు వంచాయి. ఒక్క పసుపు గీత మాత్రం ఎవరి మాటా వినకుండా పైపైకి ఎగబాకుతోంది. అది కాలుజారో తట్టుకునో పడి, మళ్లీ కోలుకోని ముసలివాళ్ల గీత.

"కిందపడేవాళ్ల గీత పైకి పోవడమేంటండీ!" అని ఆఫీసులో నవ్వుకుంటారు. ఆమెకు మాత్రం నవ్వు రాదు. ఇంట్లో ఎనభైకి దగ్గర పడ్డ మామగారున్నారు మరి.

ఆయన ఉద్యోగమంతా కరెంటు స్తంభాలెక్కిన లైన్‌మన్. గాలివానలోనూ ఎక్కారు, జ్వరంతోనూ ఎక్కారు, ఒక్కసారీ పడలేదు. ఆ మాట రోజుకోసారైనా ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఆయనకు అన్నం సయించదు. ఇంట్లో బల్బు పోతే చాలు, ప్రాణం లేచొచ్చినట్టు నిచ్చెన కోసం పరుగు తీస్తారు. వెనకే కోడలూ పరుగు. "మావయ్యా, ఆగండి! మీ అబ్బాయి వచ్చి వేస్తారు." "వాడా? వాడికి స్విచ్చేదో ఫ్యూజేదో తెలిసి చచ్చిందా!"

అలాంటి మనిషి ఒక ఆదివారం పొద్దున్నే, మోగుతున్న ఫోను అందుకుందామని కుర్చీలోంచి లేచి, హాల్లో డోర్‌మ్యాట్ అంచుకు కాలు తగిలి దబ్బున పడ్డారు. ఎక్కిందీ లేదు, దిగిందీ లేదు. వంటింట్లోంచి కోడలు పరుగెత్తుకొచ్చేసరికి ఆయన బోర్లా పడి, మ్యాట్ వంక గుర్రుగా చూస్తున్నారు. మణికట్టు విరిగింది.

ఆసుపత్రిలో డాక్టరు కట్టు కడుతూ, "ఎలా పడ్డారు పెద్దాయనా?" అని అడిగింది.

"నిచ్చెన మీంచి," అన్నారు మామగారు తడుముకోకుండా.

"ఈ వయసులో నిచ్చెనెక్కారా!"

మామగారి మొహం వెలిగిపోయింది. కోడలికి నోరు ఆగలేదు. ప్రమాదాన్ని తప్పు గడిలో రాస్తే ఆమెకు ఒళ్లంతా జెర్రులు పాకినట్టుంటుంది. "డోర్‌మ్యాట్ తట్టుకుని పడ్డారండీ," అంది.

ఆయన మొహం గోడవైపు తిప్పేసుకున్నారు. ఇంటికొచ్చాక గుమ్మంలో గొంతు తగ్గించి బతిమాలారు. "డాక్టరుకు చెప్పావు, సరే. బయట మాత్రం పరువు తియ్యకమ్మా. స్తంభాలెక్కినవాణ్ణి గోనెపీలిక లాంటి మ్యాట్ పడేసిందంటే నలుగురిలో తలెత్తుకోగలనా?"

పాపమనిపించి ఊరుకుంది. అదే కొంప ముంచింది.

పార్కు బెంచీ మీద ఆయనకు ఇద్దరు జతగాళ్లున్నారు. ఒకరు పాత టైలరు, ఒకరు రిటైరైన బస్సు డ్రైవరు. మొదటిరోజు ఆయన నిచ్చెన మీంచి పడ్డారు. రెండోరోజుకు డాబా మీంచి పడ్డారు. ఆ వారం తిరిగేలోగా, ఈదురుగాలిలో తెగిన తీగను ముడేస్తూ స్తంభం మీంచి పడ్డారు. ఆ కథ ఇల్లిల్లూ తిరిగింది. టైలరు కూతురు హడలిపోయి ఇంట్లో స్టూలుతో సహా ఎక్కడానికి వీలున్నవన్నీ అటక మీదికి చేర్చేసింది. డ్రైవరు కొడుకు డాబా మెట్లకు తాళం వేశాడు. ఎవరి గుమ్మంలో మ్యాట్లు వాళ్ల గుమ్మంలోనే ఉన్నాయి.

పదిరోజులు తిరక్కుండానే టైలరు నుదుటి మీద నిమ్మకాయంత బొప్పితో కనిపించాడు. అడిగితే సైకిల్ గుద్దిందన్నాడు. పలకరించడానికి వెళ్లిన కోడలు, ఆయన పడగ్గది ముందు అంచులు లేచిన మ్యాట్ చూసింది. ఆమెకు విషయం బోధపడింది.

ఇంటికొచ్చి మామగారి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మావయ్యా, ఆఫీసులో నా దగ్గరికొచ్చే కాగితాల్లో సగానికి సగం 'పడిపోయారు, ఎలాగో తెలియదు' అనే ఉంటుంది. ఎందుకు తెలియదా అని ఇన్నేళ్లూ బుర్ర బద్దలుకొట్టుకున్నాను. మీలాంటి పెద్దమనుషులంతా అబద్ధాల నిచ్చెనలెక్కేస్తున్నారు. ఇంట్లోవాళ్లేమో నిచ్చెనలు దాస్తున్నారు. పడేసేది అక్కడే పడుంటోంది."

"అయితే ఇప్పుడు నన్నేం చెయ్యమంటావ్?" అన్నారాయన బింకంగా.

"నేనేం చెప్పను. రేపు టైలరుగారికి తుంటి విరిగితే మీరే చూసుకోండి."

ఆయన ఆ రాత్రి సరిగా భోంచెయ్యలేదు. మర్నాడు సాయంత్రం కోడల్ని వెంటబెట్టుకుని పార్కుకెళ్లి, బెంచీ ముందు నిలబడి, గొంతు సవరించుకున్నారు.

"ఒరేయ్, నేను స్తంభం మీంచి పడలేదు. డాబా మీంచీ పడలేదు. మా హాల్లో డోర్‌మ్యాట్ మీద పడ్డాను."

ఎవరూ నవ్వలేదు. టైలరు బొప్పి తడుముకుంటూ నేలచూపులు చూశాడు. "నన్నూ సైకిలేం గుద్దలేదురా. పైజామాలో ఒక కాలు పెట్టాను. రెండోది పెట్టబోతుంటే మ్యాట్ జారింది. తలుపు గుద్దింది."

ఇద్దరూ డ్రైవరు వంక చూశారు.

"నావంక చూస్తారేంట్రా?" అని కాసేపు గింజుకుని, చివరికి ఆయనా నీరుగారిపోయాడు. "పోయిన చలికాలం నా నడుం పట్టేసింది చూడండి... అది బస్సు కుదుపులు కాదు. వెనకాల సోఫా ఉందనుకుని కూర్చున్నాను. లేదు."

అప్పుడు పేలింది నవ్వు. లైన్‌మన్‌గారు కట్టు చెయ్యి కడుపుకు అదుముకుని, కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. కోడలైతే బెంచీ పట్టుకుని కూర్చుండిపోయింది. ఈ వీధి ఒక్కటి మారినంత మాత్రాన పసుపు గీత వంగదని ఆమెకు తెలుసు. అయినా ఆ సాయంత్రం ఆమెకు హాయిగా ఉంది.

ఆ ఊపులోనే నలుగురూ కలిసి ఇళ్లమీద పడ్డారు. తమ ఇంట్లో మ్యాట్లు చుట్టేశారు, టైలరు ఇంట్లో చుట్టేశారు. డ్రైవరు ఇంట్లో ఆయన భార్య గుమ్మానికి అడ్డం నిలబడింది.

"పిన్నిగారూ, పెద్దవాళ్లు పడుతున్నారని తీయిస్తున్నామండీ," అని కోడలు నచ్చజెప్పబోయింది. "బాబాయిగారు కూడా ఆమధ్య సోఫా లేనిచోట..."

నాలిక కరుచుకుంది. అప్పటికే ఆలస్యమైంది. ఆవిడ నెమ్మదిగా మొగుడివైపు తిరిగింది.

"సోఫా లేనిచోటా? బస్సు కుదుపులకు అరిగిన నడుమని చలికాలమంతా నాచేత నూనె రాయించుకున్నారు కదండీ!"

డ్రైవరు చేతిలో మ్యాట్ అక్కడే వదిలేసి, ఎప్పుడూ లేనంత చురుగ్గా మెట్లు దిగిపోయాడు.

"రెయిలింగ్ పట్టుకోండి బాబాయిగారూ!" అని వెనకనుంచి కోడలు అరిచింది.