మీరెవరో మీకే తెలియదనుకోండి

గుణదలలోని ఆ ఐదంతస్తుల అపార్ట్‌మెంటుకు ఎప్పుడూ వెంకటకృష్ణారావుగారే ప్రెసిడెంటు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యారు. కాలవలకు గేట్లు పెట్టించిన అలవాటుతో లిఫ్టు పక్కన ఓ బోర్డు పెట్టించారు: "పనివారు, డెలివరీవారు లిఫ్టు వాడరాదు."

నాలుగో అంతస్తులో కొత్తగా అద్దెకు దిగిన శివపార్వతి డిగ్రీ కాలేజీలో తత్వశాస్త్రం చెబుతుంది. ఆమె ఇంట్లో పనిచేసే మాణిక్యమ్మకు మోకాళ్ళ నొప్పులు. మెట్లెక్కి వచ్చాక కాసేపు గోడకు ఆనుకుంటే గాని చీపురు పట్టలేదు.

ఆదివారం సెల్లార్‌లో అసోసియేషన్ మీటింగు పెట్టారు. శివపార్వతి మాణిక్యమ్మను వెంటబెట్టుకుని దర్జాగా లిఫ్టులోనే దిగింది.

"ఏంటి మేడమ్, బోర్డు చూళ్ళేదా?" అన్నారు రావుగారు.

"చూశానండీ. దాని మీదే ఒక ఆలోచనా ప్రయోగం చేద్దామని వచ్చాను."

"ప్రయోగమా? సెల్లార్‌లోనా?"

"ఊహిస్తే చాలండీ. రేపు పొద్దున మీరు ఈ అపార్ట్‌మెంటులోనే నిద్ర లేస్తారు. ఎవరిగా లేస్తారో మాత్రం తెలియదు. ప్రెసిడెంటుగా లేవచ్చు, మాణిక్యమ్మగా లేవచ్చు. లిఫ్టు రూలు ఇప్పుడే రాయాలి. ఏం రాస్తారు?"

"నేను నేనుగానే లేస్తానండీ. పుట్టినప్పట్నుంచీ అట్లాగే లేస్తున్నా."

అందరూ గొల్లున నవ్వారు. రావుగారికి హుషారొచ్చింది.

"పోనీ ఆవిణ్ణే ఊహించమనండి. ఏం మాణిక్యమ్మా, నువ్వు ప్రెసిడెంటువైతే ఏం చేస్తావ్?"

మాణిక్యమ్మ క్షణం కూడా ఆలోచించలేదు. "లిఫ్టులో కుర్చీ, ఫ్యానూ వేయించుకుని కూచుంటానండీ. పొద్దస్తమానం పైకీ కిందకీ తిరుగుతా. మీరంతా మెట్లెక్కి రండి."

"విన్నారా? మీ ప్రయోగం ఫెయిలు!"

"ఫెయిలెక్కడండీ? తనే ప్రెసిడెంటని తెలుసు కాబట్టి అట్లా చెప్పింది. మీరూ అందుకే అట్లా రాశారు. మనమెవరో మనకు తెలియకుండా రాస్తేనే రూలు న్యాయమో కాదో తేలేది."

రావుగారు తల అడ్డంగా ఊపారు. "మేమేదైనా కట్టేముందు మోడల్ చేసి, నీళ్ళు వదిలి చూసేవాళ్ళం. కళ్ళు మూసుకుని తేల్చేదేముందండీ?"

"సరే, నీళ్ళ సంగతే చెప్పండి. కాలవ కింద మీకో ఎకరం ఉంది. అది గేటు పక్కనుందో శివార్లో ఉందో మీకు తెలియదు. నీళ్ళెట్లా వదలమంటారు?"

"వంతులెయ్యాలి," అన్నారాయన తడుముకోకుండా. "పైవాళ్ళు వాడుకోగా మిగిలింది వదిలితే శివారు చేలు ఎండిపోవూ? మా నాన్న..."

ఆయన పుట్టింది దివిసీమలో, కాలవ చివరి ఊళ్ళో. నీళ్ళ కోసం తండ్రి పైఊరివాళ్ళ చుట్టూ తిరగడం చిన్నప్పుడు కళ్ళారా చూశారు. ఆ సాయంత్రం స్టూలెక్కి బోర్డు తనే ఊడదీశారు.

అక్కడితో ఆగితే బాగుండేది. పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ ఏదీ ఊహించుకోని మనిషికి ఆ రుచి ఒకసారి తగిలింది.

మర్నాడు పొద్దున్నే శివపార్వతి తలుపు కొట్టారు.

"మేడమ్, నేను పైవాళ్ళ కుక్కగా లేస్తే? దాన్ని టెర్రస్ మీదకు రానివ్వకూడదని రూలు పెట్టాను."

"కుక్కల్ని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని తత్వవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారండీ," అందామె ఆవలింత ఆపుకుంటూ.

"వాళ్ళు తేల్చేదాకా రానిద్దాం లెండి."

తర్వాత తోపుడుబండి అబ్బాయిని ఆపారు. "నువ్వు అమ్మేవాడివో కొనేవాడివో నీకు తెలియదనుకో. బెండకాయలు ఎంతకిస్తావ్?"

"తెలిశాక వస్తానండీ," అని అతను బండి తోసుకుంటూ పోయాడు.

రెండు వారాలు తిరిగేసరికి రావుగారు కనిపిస్తే జనం పక్కకు తప్పుకుంటున్నారు. ఇక మిగిలింది భార్య పద్మావతమ్మ.

"పద్మా, నువ్వు నువ్వో, నేనో తెలియదనుకో," అన్నారో శుక్రవారం, పేపరు మడుస్తూ. "ఇంట్లో భోజనం ఎన్నింటికి పెట్టాలంటావ్?"

ఆవిడ కూరగాయల కత్తి పక్కన పెట్టింది.

"నేనెవరో తెలియనప్పుడు, వండాల్సిందెవరో మాత్రం ఎట్లా తెలుస్తుందండీ?"

రావుగారు మడిచిన పేపరు మళ్ళీ విప్పారు.

"ఇవాళ్టికి మీరు నేనండీ," అని ఆవిడ చీర మార్చుకుని, శివపార్వతిని తోడు పిలుచుకుని మంగళగిరికి చీరలు చూడ్డానికి వెళ్ళిపోయింది. షాపులో ఉండగా ఫోను మోగింది.

"పప్పులో నీళ్ళెన్ని పొయ్యాలి?"

"జీవితమంతా నీళ్ళు వదిలారుగా, చూసి వదలండి," అని పెట్టేసింది. శివపార్వతి నవ్వాపుకోలేక చేతిలోని చీర కొంగునే నోటికి అడ్డం పెట్టుకుంది.

సాయంత్రం వచ్చేసరికి గుమ్మంలోనే మాడు వాసన కొట్టింది. రావుగారు కంచం పెట్టి, ఎదురుగా కూర్చుని ఆవిడ మొహంలోకే చూస్తున్నారు. పద్మావతమ్మ ఒక ముద్ద తింది. మంచినీళ్ళు తాగింది.

"చాలా బాగుందండీ. నాకెప్పుడూ ఇట్లా కుదర్లేదు."

ఆయన నమ్మేశారు. ఆదివారం సాంబారు కూడా తనే పెడతానన్నారు. పద్మావతమ్మ వద్దనలేదు.