పసుపుపచ్చ పైపు

బూసాన్‌లో, సముద్రం అడుక్కి దిగేవాళ్లకు గాలి అందించే రబ్బరు పైపుల ఫ్యాక్టరీలో పరీక్షల గది ఓక్‌బున్‌ది. పంతొమ్మిదేళ్లుగా ఆవిడ చేసే పని ఒకటే. కొత్తగా కలిపిన రబ్బరులోంచి పట్టీలు కోసి, వేడి పెట్టెలో వారం ఉంచి, తీసి సాగదీసి చూడటం. ఏళ్ల మీద రావాల్సిన ముసలితనం రబ్బరుకు ఆ వారంలోనే వచ్చేస్తుంది.

ఆ యేడు చలికాలంలో పెట్టెలోంచి తీసిన పసుపు పట్టీలు, వేలితో వంచగానే పటుక్కున విరిగాయి.

నేరుగా మేనేజరు బే గదికి వెళ్లింది. "ఇందులో యాంటీ ఆక్సిడెంట్ మందు వెయ్యలేదా సార్?"

"వేస్తే నాలుగు ఎండలకే పసుపు కాస్తా బురదరంగుకు తిరుగుతోందమ్మా. నీళ్లలో మెరుస్తూ కనబడాలంటున్నారు కొనేవాళ్లు. రంగు చెడగొట్టని మందు జపాన్ నుంచి వచ్చేసరికి వేసవి దాటుతుంది."

"మందు లేకపోతే గాలే రబ్బరును తినేస్తుంది సార్. ముందు మందు అరిగిపోతుంది కాబట్టే రబ్బరు మిగులుతుంది."

"నాకే పాఠం చెప్తున్నావా? సముద్రమేమన్నా నీ వేడి పెట్టెలా కాలుతుందా?" రిజిస్టరు ఆవిడ ముందుకు తోశాడు. "పాస్ అని రాసి సంతకం పెట్టు. లారీ వాకిట్లో ఉంది."

అంతకు నెల ముందే, ఎదురు మాట్లాడారని ఇద్దరు ఆడవాళ్లను గేటు బయటకు పంపేశారు. ఓక్‌బున్ సంతకం పెట్టింది.

పరీక్షల గది కిటికీకి ఆవిడ వేలాడదీసి ఉంచిన పసుపు పైపు ముక్క వానలు మొదలయ్యేలోపే నెర్రెలిచ్చింది. ఇక ఉండలేక, పైపులు ఏయే ఊళ్లకు వెళ్లాయో కాగితం మీద రాసుకుని, మొదటి ఊరికి బస్సెక్కింది.

తూర్పు తీరంలో చిన్న రేవు అది. తక్ జేగ్వాన్ ఇత్తడి టోపీ తగిలించుకుని సముద్రం అడుక్కి దిగి ఆక్టోపస్‌లు పడతాడు. భార్య మల్‌దొక్ పడవ మీద ఉండి, పైపులోకి గాలి కొట్టే పంపు చూసుకుంటుంది. ఓక్‌బున్ ఫలానా ఫ్యాక్టరీ నుంచి వచ్చానని చెప్పి, ఎండలో పడున్న పసుపు పైపును మెలితిప్పి చూపించింది. వంపు మీద వెంట్రుకల్లాంటి గీతలు నోళ్లు తెరిచాయి.

జేగ్వాన్ నవ్వాడు. "నా మొహమ్మీద ఇంతకన్నా ఎక్కువున్నాయక్కా. నన్నూ పారెయ్యమంటావా?"

"ఎప్పుడో పారేసేదాన్ని, తీసుకెళ్లేవాడు దొరక్క ఉంచుకున్నా," అంది మల్‌దొక్.

"నిజంగానే చెప్తున్నాను, దీంట్లో రబ్బరును కాపాడే మందు వెయ్యలేదు, దీంతో దిగొద్దు."

"మరి దేంతో ఊపిరి పీల్చను? చేపనా, మొప్పలుండటానికి? ఇంకోటి తెచ్చివ్వు, దీన్ని నీ మెళ్లో దండేసి పంపిస్తా."

రిజిస్టరులో సంతకం తనదేనన్న మాట ఓక్‌బున్ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

వెనక్కొచ్చి, రబ్బరు కలిపే ముసలాయన్ని బతిమాలి, మందు సరిగ్గా పడిన నల్లటి పైపు ఒకటి తయారుచేయించింది. పన్నెండు రోజులు పట్టింది. ఆ బరువంతా తలకెత్తుకుని రేవులో దిగేసరికి జేగ్వాన్ పడవ ఒడ్డునే ఉంది.

అతను గదిలో పడుకునున్నాడు. మల్‌దొక్ గుమ్మంలోనే చెప్పింది.

"మొన్న మంగళవారం. పైపు సరిగ్గా పంపు పక్కనే పగిలింది. ఊపిరాడక ఒక్క ఉదుటున పైకొచ్చేశాడు. అంత లోతు నుంచి అలా రాకూడదు, రక్తంలో గాలి బుడగలు కడతాయి. నడుం కింద చచ్చుపడిపోయింది. ఇంకంతే అన్నారు డాక్టర్లు."

జేగ్వాన్ పైకప్పునే చూస్తున్నాడు. "ఒక పైపుకు ఆ మందు ఎంత పడుతుందక్కా?"

"రెండు గుప్పెళ్లు."

అతను మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

అప్పుడు చెప్పింది ఓక్‌బున్. పట్టీలు విరగడం, మేనేజరు మాట, సంతకం, అన్నీ. మల్‌దొక్ గుమ్మం వదిలి ఆవిడకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"గీతలు చూపించావు, సంతకం దాచావు. ఆరోజు పడవ మీద ఈ ముక్క చెప్పుంటే, కాళ్లు కట్టేసైనా ఆపేదాన్ని కదే!"

ఓక్‌బున్ బయటికి వచ్చింది. పెరట్లో జేగ్వాన్ తమ్ముడు, పగిలినంత మేర కోసేసి, మిగిలిన పసుపు పైపును మళ్లీ పంపుకు బిగిస్తున్నాడు. రేపట్నుంచి తనే దిగుతాడట. నల్ల పైపు అతని ముందు పెట్టింది. అతను తలెత్తలేదు గానీ తీసుకున్నాడు. మల్‌దొక్ వంటింటి కత్తి తెచ్చి పసుపు పైపును ముక్కలు ముక్కలుగా నరికింది.

బూసాన్ వెళ్లి ఓక్‌బున్ పోలీసులకు చెప్పింది. వాళ్లు రిజిస్టరు తెప్పించారు. అందులో ఉన్నది ఒక్క ఆవిడ సంతకమే. తనకేమీ తెలియదన్నాడు బే. ఆ వారమే ఆవిడ ఉద్యోగం ఊడింది. కేసు ఆవిడ పేరు మీదే నడిచింది.

వాయిదాల మధ్య కాగితంలోని మిగతా ఊళ్లు తిరిగింది. చేతిలో ఇవ్వడానికి పైపు లేదు, చూపించడానికి ఉద్యోగమూ లేదు. ఈసారి ప్రతిచోటా సంతకం సంగతి ముందే చెప్పింది. రెండో ఊళ్లో, సీజను అయిపోయాక చూద్దాంలే అన్నారు. మూడో ఊళ్లో బస్సు దిగి, పసుపు పైపు కొన్నవాళ్ల ఇల్లెక్కడని అడిగితే, ఎదురొచ్చిన మనిషి కొండ మీద కొత్తగా పోసిన సమాధి దిబ్బను చూపించింది.