స్టాండు మీద ముప్పై కిలోమీటర్లు

మా ఆవిడ బైకుకి కొత్త మీటరు నేనే బిగిస్తానన్నప్పుడు వీధి చివరి మెకానిక్ నవ్వలేదు. అది అతని మంచితనం. "ఇరవై నిమిషాల పని మాస్టారూ, బండి ఇటు తోసేయండి. మీరు టీ తాగేలోపు అయిపోతుంది" అన్నాడు. వద్దన్నాను. ఇరవై ఆరేళ్ళుగా లెక్కలు చెబుతున్నవాణ్ణి, నాలుగు తీగలు కలపలేనా అనుకున్నాను. నాకు బైకు నడపడం రాదు. నడపడం రానివాడికి విప్పడమైనా రావాలి కదా.

బండి పాతది. తారురోడ్డు మీదా రాళ్ళదారిలోనూ పోయే రకం. ఎత్తుగా, బక్కగా, దిమ్మలు దిమ్మలుగా ఉన్న టైర్లతో ఉంటుంది. మా ఆవిడ పశువుల డాక్టరు. కొండ మీది పాకలకు జీపు ఎక్కదు, ఈ బండి ఎక్కేది. ఆమె పోయి అయిదు నెలలయింది. బండి వల్ల కాదు, జబ్బు వల్ల. ఈ మాట ముందే చెప్పకపోతే అందరూ బండినే అనుమానిస్తున్నారు.

బండి తనకి కావాలని మా మరదలు అడిగింది. అక్క బండి చెల్లెలికి పోవడం న్యాయమే. బండి కాగితాల్లో పేరు మార్చాలంటే తనిఖీకి తీసుకెళ్ళాలి, తనిఖీలో మీటరు పనిచెయ్యాలి. పాత మీటరు ముల్లు ఎప్పుడో పడుకుంది. దాని కిటికీలో 61,388 అన్న అంకె మిగిలింది.

కొత్త మీటరు సున్నాతో మొదలవుతుంది. కావాలంటే పాత అంకెను దాంట్లోకి ఎక్కించుకోవచ్చు. నాకు కావలసింది అదొక్కటే. ఆమె తిరిగిన కిలోమీటర్లు ఆ బండి మీదే ఉండాలి. ఆ చోట సున్నా చూడటం నావల్ల కాదు.

పెట్టెలో వచ్చిన కాగితాన్ని ఎర్ర పెన్ను పట్టుకుని చదివాను. చివర ఒక హెచ్చరిక ఉంది. పాత అంకెను మొదటి ముప్పై కిలోమీటర్ల లోపే ఎక్కించాలి, అదీ ఒక్కసారే. తర్వాత మీటరు ఒప్పుకోదు. దాని కింద రెండు గీతలు పెట్టాను.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాను. పాత మీటరు ఊడదీసి, కొత్తది హ్యాండిల్ మీద బిగించాను. ముందు చక్రం పక్కనున్న బ్రేకు డిస్కు బోల్టులకు ఎదురుగా సెన్సార్ పెట్టాను. బోల్టుకీ సెన్సార్‌కీ మధ్య పోస్టుకార్డు మందం ఖాళీ ఉండాలన్నారు. నేను నిజంగానే పోస్టుకార్డు పెట్టి చూశాను. టైరు మీద సుద్దతో గీత గీసి, వరండాలో ఒక చుట్టు దొర్లించి, టేపుతో కొలిచాను. మూడుసార్లు కొలిచి సగటు తీశాను. రెండువేల నూట యాభై ఎనిమిది మిల్లీమీటర్లు. యాభై తొమ్మిదంటే పోట్లాడేవాణ్ణి.

తర్వాత మీటరు ఇంకో ప్రశ్న వేసింది. సెన్సార్ గుర్తించే పాయింట్లు ఎన్ని? సెన్సార్ ఒకటే. చక్రం ఒకటే. వరండాలో ఉన్నదీ నేనొక్కణ్ణే. ఒకటి అని వేశాను.

ఇక 61,388 ఎక్కించడమే మిగిలింది. ఇక్కడ నాలోని మాస్టారు నిద్రలేచాడు. ముందు రఫ్, తర్వాత ఫెయిర్. మీటరు సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడకుండా అంకె ఎక్కించడమేమిటి, ఒకే ఒక్క అవకాశమైతే! బండిని స్టాండు మీదికెక్కించి, ఇంజను కింద చెక్కపెట్టె దోపి, ముందు చక్రం గాల్లో ఉండేలా చేశాను. చేత్తో తిప్పాను. మీటరు వెలిగింది. నలభై ఏడు!

చేత్తో తిప్పితే గంటకి నలభై ఏడు కిలోమీటర్ల వేగం. అనుమానం రావలసిన చోట నా చేతుల మీద నాకే గౌరవం కలిగింది. ఇంకాస్త గట్టిగా తిప్పితే యాభై రెండు. స్టూలు తెచ్చుకుని కూర్చున్నాను. టైరు దిమ్మలు గాలిని కొడుతుంటే బుర్రుమని చప్పుడొచ్చేది. ఆ చప్పుడు మా ఇంట్లో వినబడి చాలా రోజులైంది. కుడిచెయ్యి నొప్పెడితే ఎడమచేత్తో తిప్పాను. ఎంతసేపో చూసుకోలేదు.

తృప్తిగా లేచి, అంకె ఎక్కించబోయాను. మీటరు తెర మీద ఆ గడి తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కాను. కింద చిన్న అక్షరాల్లో బండి తిరిగిన దూరం కనబడింది. 33 కిలోమీటర్లు.

గేటు చప్పుడైంది. మరదలు హెల్మెట్ చంకన పెట్టుకుని వచ్చింది.

"ఏంటి బావా, దయ్యాన్ని చూసినట్టున్నావ్? కరెంటు కొట్టిందా?"

"ఈ మీటరు పాడైంది" అన్నాను. ముప్పైమంది పిల్లలు నాకు రోజూ చెప్పే జవాబు ఇదే. సార్, పెన్ను పాడైంది.

"వెలుగుతోందిగా. ఎక్కు, ఓ చుట్టు తిరిగొద్దాం. నువ్వు వెనకనుంచి మీటరు చదువు, నేను రోడ్డు చూస్తా."

ఎక్కాను. వీధి దాటి పెద్దరోడ్డెక్కాం.

"ఎంత?" అని అరిచింది.

"నూట అరవై ఎనిమిది!"

"ఆహా! చూసుకో బావా, కూరగాయల బండి మనల్ని దాటేసి పోతోంది. వాడు రెండొందల మీద ఉన్నట్టున్నాడు."

పక్కకి ఆపి, దిగి, ముందు చక్రం దగ్గర చతికిలబడింది. "ఈ డిస్కుకి బోల్టులెన్ని?"

"ఆరు."

"నువ్వెంత వేశావ్?"

నేను మాట్లాడలేదు. నా క్లాసులో మాట్లాడని పిల్లలకి జవాబు తెలియదనుకునేవాణ్ణి. తెలిసినందుకే మాట్లాడరని ఇప్పుడు తెలిసింది. ఒక్కో బోల్టూ ఒక్కో పాయింటు. చక్రం ఒకసారి తిరిగితే మీటరు ఆరు చుట్లు లెక్కేసింది. మిల్లీమీటరు దగ్గర పోట్లాడినవాణ్ణి ఆరు రెట్లు తప్పాను. అయిదున్నర కిలోమీటర్లు తిప్పి ముప్పై మూడు చేశాను.

"చదవేస్తే ఉన్న మతి పోయిందని" అంటూ రోడ్డు పక్కన కూర్చుని పడీపడీ నవ్వింది. "బావా, నువ్వు చేత్తో అయిదు కిలోమీటర్లు తిప్పావా? స్టాండు మీదా? ఎందుకూ?"

ఎందుకో చెప్పాను. 61,388 సంగతి చెప్పాను, ఆ గడి ఇక తెరుచుకోదనీ చెప్పాను. చప్పుడు సంగతి చెప్పలేదు. ఆమె నవ్వు ఆగింది.

"ఇంకో మీటరు కొనుక్కొద్దాంలే. ఈసారి ముందు అంకె ఎక్కించు, తర్వాత నీ ఇష్టమొచ్చినంత తిప్పుకో" అంది మెల్లగా. "ఒక్కమాట. పాత మీటరు ఎప్పుడాగింది?"

"కేబుల్ తెగిన రోజున. మీ అక్క పోవడానికి రెండేళ్ళ ముందు."

"మరి ఆ రెండేళ్ళూ అక్క ఇంట్లో కూర్చుందా?"

కూర్చోలేదు. రోజూ కొండెక్కింది. కేబుల్ మార్పించమని ఎన్నిసార్లు పోరినా, స్పీడు చెవులకి తెలుస్తుందిలెమ్మనేది. ఆ అంకె తప్పని నాకు తెలుసు. లెక్కల మాస్టారుని, తెలియకేం. తప్పయినా ఏదో ఒక అంకె ఉంటే పట్టుకోవచ్చనుకున్నాను.

"కొనొద్దు" అన్నాను. "పాయింట్లు ఆరని మార్చు. పోదాం పద."

సోమవారం సెలవు పెట్టి మరదలితో తనిఖీ ఆఫీసుకి వెళ్ళాను. తనిఖీదారు మీటరు చూశాడు, చక్రం తిప్పించి చూశాడు, బాగుందన్నాడు. ఫారం మీద టిక్కులు పెట్టుకుంటూ వచ్చి ఒక గడి దగ్గర ఆగాడు.

"మీటరు మార్చారు కదా. పాతది ఎంత దగ్గర ఆగింది?"

చెప్పాను. రాసుకున్నాడు.

"ఆగాక బండి ఇంకెంత తిరిగింది?"

"తెలియదండీ."

"సుమారుగా చెప్పండి. గడి ఖాళీగా వదలకూడదు."

మరదలు నావైపు చూసింది. లెక్క నా తలలో దానంతటదే నడిచింది. వారానికి ఇన్ని పాకలు, కొండకి ఇంత దూరం, రెండేళ్ళకి ఇన్ని వారాలు. అంకె నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"చాలా తిరిగిందని రాయండి."

"అంకె కావాలండీ."

"అంకె లేదండీ. చాలా తిరిగింది."

అతను కాసేపు నన్ను చూశాడు, బండిని చూశాడు. వెనక వరసలో ఇంకా పదిమంది ఉన్నారు. మా పిల్లలెవరైనా ఇలాంటి జవాబు రాస్తే నేను మార్కులివ్వను. అతను తలొంచుకుని రాశాడు. 'చాలా తిరిగింది' అన్న రెండు మాటలూ ఆ గడిలో పట్టక పక్క గడిలోకి పోయాయి. వాటి మీదే ముద్ర వేసి, కాగితం మరదలి చేతికిచ్చాడు.