వగరెక్కిన ఆకులు

మొక్కల నర్సరీలో పనికి చేరి నాకు మూడేళ్ళు నిండాయి. చెల్లి వచ్చి ఆరు నెలలే. అయినా మేడమ్ ఏ పనికైనా పిలిచేది దాన్నే. అది నవ్వుతూ పరిగెత్తేది. నేను కుండీల్లో కలుపు తీస్తూ చూసేదాన్ని.

విత్తనాల గది చూసుకునే ఉద్యోగం ఖాళీ అయింది. మేడమ్ మా ఇద్దరికీ చెరొక వరస పోప్లార్ అనే కలప చెట్ల మొక్కలు అప్పగించింది.

"వచ్చే సోమవారం రెండు వరసల మీదా గొంగళి పురుగులు వదులుతాను. ఎవరి మొక్కలు నిలబడితే వాళ్ళకే ఆ గది తాళం."

బుధవారం చెల్లి పంటినొప్పని ఆస్పత్రికి వెళ్ళింది. నేను మూడు అగ్గిపెట్టెల నిండా పురుగులు పట్టి దాని వరస మీద వదిలాను. సాయంత్రం ఒక్కటి మిగలకుండా ఏరేశాను.

మర్నాడు అది ఆకులు తిప్పి చూసుకుంది. "జల్లెడ చేసి పెట్టాయే అక్కా! ఎవరి కళ్ళు పడ్డాయో ఏమో."

"పురుగులకి కళ్ళు కూడానా," అన్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

సోమవారం పురుగులు నా వరసను ఈనెలు మిగిల్చి నమిలేశాయి. చెల్లి మొక్కల దగ్గర మాత్రం ఒక కొరుకు కొరికి, కాడ వెంట దిగిపోయాయి.

మేడమ్ ఒక ఆకు వెలుగుకి పట్టి చూసింది. "వీటిని ముందే ఏవో కొరికాయి. దెబ్బ తిన్న చెట్టు ఊరుకోదు. మిగతా ఆకుల్లోకి వగరెక్కిస్తుంది. ఆ వగరు పురుగుకి అరగదు. సరే, వీటి మీద పురుగులెలా వచ్చాయి?"

నేను వంగి పక్క కుండీలో కలుపు పీకసాగాను.

"వాటంతటవే వచ్చాయి మేడమ్," అంది చెల్లి.

తాళం దాని చేతికొచ్చింది.

మేడమ్ వెళ్ళాక అది కొంగుముడి విప్పి ఖాళీ అగ్గిపెట్టె తీసింది. "నా కుండీల వెనక మర్చిపోయావు."

"తెలిసీ చెప్పలేదేం?"

"చెప్తే నిన్ను పనిలోంచి తీసేస్తారుగా. అయినా నువ్వంత కష్టపడి పట్టకపోతే నాకీ తాళం వచ్చేదా!"

నా తప్పు కడుపులో పెట్టుకున్న మంచితనం కూడా దానికే దక్కింది. అదే ఎక్కువ మండింది. ఏం చేయాలో తోచక దాని మొక్క ఆకొకటి తుంపి నోట్లో వేసుకున్నాను. నోరంతా పట్టేసింది. ఉమ్మేశాను.

చెల్లి పడీపడీ నవ్వింది.

"చూశావా, నిన్ను కూడా తిననివ్వట్లేదు!"