శ్రీదేవి ఇంటి తెలుగు

శ్రీదేవి మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే ఇక్కణ్ణించి నేను ఆవిణ్ణి తిట్టుకోవడమే ఎక్కువ ఉంటుంది.

పెళ్ళిళ్ళు కాకముందు హైదరాబాదులో ఒకే ఆసుపత్రిలో నర్సులుగా చేశాం. హాస్టల్లో ఒకే గది. తనది కరీంనగర్ వైపు, నాది గుంటూరు జిల్లా ఫిరంగిపురం. తర్వాత తను నార్వే వెళ్ళింది, నేను మెల్‌బోర్న్ వచ్చాను. పండగకి ఒక మెసేజ్, పుట్టినరోజుకి ఒక మెసేజ్, అంతకుమించి రాకపోకలు లేవు. మా అమ్మాయి ప్రిస్సిల్లాకి ఎక్స్ఛేంజ్ స్టూడెంట్‌గా శ్రీదేవి ఉండే ఓస్లోలో ఒక సెమిస్టర్ చదివే అవకాశం వచ్చినప్పుడు, పనిగట్టుకుని శ్రీదేవికి ఫోన్ చేసింది నేనే. నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను.

చేయక ఏం చేయను? అక్కడ స్టూడెంట్ హాస్టల్లో గది దొరకలేదు. బయట గదుల అద్దెలు చూసి మా ఆయన శౌరయ్య, "ఇది అద్దెనా, ఇల్లు అమ్ముతున్నారా?" అని రెండుసార్లు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఇక తిండి సంగతి అడగక్కర్లేదు. అక్కడ చదివి వచ్చిన ఒకమ్మాయి, హోటల్ మెనూ చూడగానే కడుపు నిండిపోతుందాంటీ అని చెప్పింది.

"ఏం ఫికర్ చేయకు అమృతా. పైన అర్ర ఖాళీగనే ఉన్నది," అంది శ్రీదేవి. "నీ బిడ్డ నా బిడ్డ గాదా."

ఆ రోజు ఆ మాటకి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మా ప్రిస్సీ సంగతి చెప్పాలి. మెల్‌బోర్న్ శివార్లలోనే, వెర్రిబీలో పుట్టింది, ఈ పాయింట్ కుక్ ఇంట్లో పెరిగింది. తెలుగు మొత్తం అర్థమవుతుంది. శౌరయ్యా నేనూ గుసగుసగా పోట్లాడుకున్నా పై గదిలోంచి పట్టేస్తుంది. కానీ నోటి వెంట మాత్రం ఒక్క ముక్క రాదు. నేను "అన్నం తింటావా?" అంటే తను "నాట్ హంగ్రీ, మమ్" అంటుంది. నేను తెలుగు, తను ఇంగ్లీషు. పుట్టిన దగ్గర్నించీ ఇదే వరస. చర్చి హాల్లో శనివారం తెలుగు క్లాసులో వేస్తే టాయిలెట్ అని చెప్పి పార్కులోకి పారిపోయింది. ఐస్‌క్రీమ్ ఆశ చూపించాను, అలిగాను, మాట్లాడ్డం మానేశాను. మానేస్తే తనకే హాయిగా ఉందని తెలిసి మళ్ళీ మొదలుపెట్టాను. గోంగూర వండితే కిటికీలు తెరిచేది. క్లేటన్‌లో యూనివర్సిటీకి రైళ్ళు మారి వెళ్ళి, సాయంత్రం వచ్చి, టోస్ట్ కాల్చుకుని పైకి వెళ్ళిపోయేది. నన్ను అమ్మా అని పిలిచిన గుర్తు కూడా లేదు నాకు. ఎప్పుడూ మమ్.

ఓస్లో వెళ్ళాక ఆదివారాలు వీడియో కాల్ చేసేది. మాకు సాయంత్రం, వాళ్ళకి ఉదయం. మొదట్లో అన్నీ వింతలే. "మమ్, హియర్ ఎవ్రీవన్ బ్రింగ్స్ లంచ్. ఈవెన్ ద ప్రొఫెసర్ బ్రింగ్స్ బ్రెడ్ ఇన్ పేపర్. నోబడీ బైస్ ఎనీథింగ్." కేఫ్‌లో కాఫీ తాగడం మానేసిందట. మూసే వేళకి దుకాణానికి వెళితే రొట్టె సగం ధరకి ఇస్తారట. స్నేహితులతో బయటికి వెళితే అందరూ సముద్రం ఒడ్డున నడుస్తారట, నడవడానికి డబ్బులు అడగరు కాబట్టి. చెబుతూ నవ్వేది. ఇక్కడ పాకెట్ మనీ చాలదని రుసరుసలాడిన పిల్ల అక్కడ పొదుపు నేర్చుకుంటోందని మురిసిపోయాను.

ఒక ఆదివారం కుక్కర్ దించుతుంటే ఫోన్ మోగింది. స్పీకర్ నొక్కాను.

"అమ్మా, మంచిగున్నవా?"

ఎవరో అనుకున్నాను. ఫోన్ చేతిలోకి తీసుకుని చూస్తే మా ప్రిస్సీ. "ఏం వండుతున్నవ్? నాన్న ఎటు పోయిండు?" అంటోంది. మాటమాటకీ ఆగి, వెతుక్కుని, తడబడుతూ. కానీ తెలుగే.

సంగతేమిటంటే, నార్వేలో రోగులతో నార్వేజియన్‌లో మాట్లాడీ మాట్లాడీ శ్రీదేవి ఇంగ్లీషు తుప్పు పట్టిపోయింది. వాళ్ళింట్లో అయితే నార్వేజియన్, లేకపోతే తెలుగు. మా పిల్లకి నార్వేజియన్ రాదు. ఆకలైతే తెలుగులో అడగక తప్పలేదు.

సంతోషించాను. నిజంగానే, ఒక్క నిమిషం పాటు. తర్వాత లెక్క వేసుకున్నాను. ఇన్నేళ్ళు కాళ్ళావేళ్ళా పడితే నాకు దక్కనిది, నాలుగు ఆదివారాలకే ఆవిడకి దక్కింది. పైగా ఆ మాట నాది కాదు. మా ఇంట్లో ఎవరూ మంచిగున్నవా అనరు. నా కూతురి నోట్లోంచి శ్రీదేవి మాట్లాడుతోంది. ఆ హాస్టల్ గదిలో పక్క మంచం మీదినుంచి విన్న గొంతే, అదే సాగదీత.

అక్కడినుంచి కుళ్ళు మొదలైంది. దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

ఫోటోలు రావడం మొదలయ్యాయి. శ్రీదేవి పక్కన నిలబడి సర్వపిండి ఒత్తుతున్న ప్రిస్సీ. మా ఇంట్లో స్టవ్ వెలిగించని పిల్ల, అక్కడ గిన్నెలో బియ్యప్పిండి పల్చగా అద్ది, వేలితో గుంటలు పెట్టి నూనె పోస్తోంది. ఇంకో ఫోటోలో మాంసం, గోంగూర. అవును, గోంగూర. ఏదో ఆసియా షాపులో ఫ్రీజర్‌లో దొరికిందట. 'శ్రీదేవాంటీ గోంగూర ఇజ్ నెక్స్ట్ లెవెల్' అని రాసింది. మా పెరట్లో కుండీల్లో కోసినప్పుడల్లా చిగురేసే గోంగూరకి కిటికీలు తెరిచి, అక్కడ గడ్డకట్టిన ఆకుకి లొట్టలేస్తోంది.

ఆ రోజు మా కుండీలకి నీళ్ళు పోయలేదు.

"నీ కూతురు తెలుగు మాట్లాడుతుంటే ఏడుస్తావేందే?" అన్నాడు శౌరయ్య.

"అది తెలుగా? శ్రీదేవి తెలుగు."

"ఏదో ఒకటి, వచ్చింది గదా."

ఆయనకేం, ఆయన్ని ఎప్పుడూ డాడ్ అనే పిలిచినా పట్టించుకోలేదు. ఇప్పుడు నాన్న అంటే మీసం దువ్వుకుంటున్నాడు.

నాకు తోచిన మందు నేను వేశాను. ఆదివారం ఆదివారం దిద్దడం మొదలుపెట్టాను.

"అమ్మా, మంచిగున్నవా?"

"బాగున్నావా అనాలి."

"బాగున్నావా. నిన్న మేం అడవికి పోయినం..."

"వెళ్ళాం."

"వెళ్ళాం. మస్తు చలి ఉండె..."

"చాలా చలిగా ఉంది అనాలి నాన్నా. మస్తు ఏంది, మనం అట్టా అంటామా?"

నా గొంతు తియ్యగానే ఉండేది. ఆసుపత్రిలో సూది గుచ్చేటప్పుడు కూడా నా గొంతు అంత తియ్యగానే ఉంటుంది. తను అడవి సంగతి చెప్పబోయింది. అక్కడ ఎవరి అడవిలోనైనా ఎవరైనా తిరగొచ్చట, పళ్ళు కోసుకోవచ్చట. మంచుకి ముందు చివరి పళ్ళు బకెట్ నిండా తెచ్చారట. ఆ కథ మధ్యలో ఎన్ని మాటలు పట్టుకున్నానో నాకే తెలియదు. కథ ఎటు పోయిందో కూడా తెలియదు. శ్రీదేవిని ఒక్కొక్క మాటగా నా కూతురి నోట్లోంచి పీకి పారేస్తున్నాననే అనుకున్నాను.

ఆ తర్వాతి ఆదివారం ఫోన్ ఎత్తి, "ఎట్టా ఉన్నావమ్మా?" అన్నాను.

"గుడ్, మమ్. హౌ ఆర్ యూ?"

అంతే. మూడు నిమిషాలు మాట్లాడి, అసైన్‌మెంట్ ఉందని పెట్టేసింది.

మళ్ళీ వారం కూడా ఇంగ్లీషే. ఆ పై వారం ఫోన్ కూడా లేదు, మెసేజ్ వచ్చింది. 'మమ్, యూనివర్సిటీ సెడ్ ఐ కెన్ స్టే టిల్ జూన్. శ్రీదేవాంటీ సేస్ ఓకే. థింకింగ్ అబౌట్ ఇట్.'

క్రిస్మస్‌కి వస్తుందని గది సర్ది ఉంచాను. స్టార్ కొని అటక మీద పెట్టాను. జూన్ దాకా అంటే క్రిస్మస్ పోయింది, ఈస్టర్ కూడా పోయింది. నా పిల్లని మాటతో లాక్కుంది చాలక, ఇప్పుడు మనిషినే ఉంచేసుకుంటోందా ఈవిడ? వెంటనే శ్రీదేవికి ఫోన్ కలిపాను.

"శ్రీదేవీ, నీకు పిల్లనిచ్చింది నాలుగు నెలలకి. ఉంచేసుకోమని కాదు."

అవతల ఏదో గిన్నె కింద పెట్టింది.

"నేనేమన్న అన్ననా అమృతా? ఉంట అంటే ఉండు అన్న. పొమ్మని ఎట్లంట?"

"నా దగ్గర ఇన్నేళ్ళు నోరు తెరవనిదానికి నువ్వేం మందు పెట్టావో చెప్పు."

నోరు జారానని అన్న క్షణంలోనే తెలిసింది. కానీ శ్రీదేవి కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుంటే బాగుండేది.

"నాకోసం నేర్చిందనుకుంటున్నవా? నాతోని సైగలతోని కూడ నడిపిస్తుండె మొదట్ల. ఆదివారం పొద్దున లేస్తనే వంటింట్లకు వస్తుండె. 'ఆంటీ, అమ్మకు ఇది ఎట్ల చెప్పాలె, అది ఎట్ల చెప్పాలె' అని అడిగి, పది సార్లు నా ముంగట అని చూస్కుని, అప్పుడు పైకి పోయి నీకు ఫోన్ చేస్తుండె. నువ్వు నవ్వుతవని మస్తు సంబురపడేది. ఈ మధ్య వస్తలేదు. ఏమైంది బిడ్డా అంటే, 'మై తెలుగు ఇజ్ రాంగ్' అన్నది. నా తెలుగే నేర్పిన అమృతా. నాకు నీది రాదు గద."

ఏదో ఒకటి అని ఫోన్ పెట్టేశాను. పక్కింటి వాళ్ళ బార్బెక్యూ పొగ కిటికీలోంచి వస్తోంది, లేచి దాన్ని మూయబుద్ధి కాలేదు. శౌరయ్య వచ్చి ఏమైందంటే చెప్పాను. ఆయన ఓదార్చలేదు.

"ఇరవై ఏళ్ళు నోరు తెరవమని మొత్తుకున్నావు. తెరిచిన నోరు నువ్వే మూయించావు," అని టీ పెట్టడానికి వెళ్ళాడు.

ఏడ్చాను. సిగ్గుతో కొంత, కుళ్ళుతో కొంత. పది సార్లు అని చూసుకుందట. ఆ పది సార్లూ శ్రీదేవి విన్నది, పదకొండోది నేను. అది కూడా చెడగొట్టుకున్నాను.

ఆ ఆదివారం నేనే వీడియో కాల్ చేశాను. అక్కడ కిటికీ వెనక అప్పుడే తెల్లవారుతోంది. ప్రిస్సీ దుప్పటి కప్పుకుని కూర్చుంది.

"హాయ్, మమ్."

ఫోన్‌ని కారం డబ్బాకి ఆనించి నిలబెట్టాను. ముందు బియ్యప్పిండి, నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, అన్నీ పెట్టుకున్నాను.

"సర్వపిండి చేద్దామని. నాకు రాదు. ఎట్టా చెయ్యాలో చెప్పు."

"మమ్, ఇట్స్ ఆన్ యూట్యూబ్."

"యూట్యూబ్ వద్దు. నువ్వు చెప్పు. నీకు ఎట్టా వస్తే అట్టానే చెప్పు, నేనేమీ అనను."

నా మొహం వంక అనుమానంగా చూసింది. చూడదా మరి. నేను పిండిలో నీళ్ళు పోశాను. కావాలని చేయలేదు, నిజంగానే ఎక్కువ పోశాను. తను దుప్పటి తీసేసి ముందుకి వంగింది.

"అట్ల కాదు. నీళ్ళు ఎక్కువైనయ్. ఇంకింత పిండి వెయ్యి."

వేశాను.

"గిన్నెకు నూనె రాయాలె ముందుగాల. చేయి తడి చేస్కొని మంచిగ ఒత్తు. పల్చగ. ఇంక పల్చగ."

ముందుగాల, ఇంక, మంచిగ. ఒక్కొక్క మాటకీ నాలుక చివర దిద్దుబాటు దురద పుట్టింది. పళ్ళ మధ్య నొక్కి పట్టాను. ఆ మాటల వెనక శ్రీదేవి వంటింట్లో నిలబడి ఉంది, ఎప్పటికీ ఉంటుంది. కుళ్ళు ఎక్కడికీ పోలేదు. గిన్నె మీద కోపం తీర్చుకుని ఇంకా పల్చగా ఒత్తాను.

"ఇప్పుడు వేలితోని బొక్కలు పెట్టు. అరే, అంత పెద్దగ కాదమ్మా."

కాదమ్మా అంది. విన్నట్టు తెలిస్తే ఆపేస్తుందేమోనని తల ఎత్తలేదు. బొక్కలు చిన్నవి చేసి నూనె పోసి మూత పెట్టాను. మూత తీసేసరికి ఒక వైపు మాడింది, ఇంకో వైపు విరిగింది. ముక్క తుంచి ఫోన్ దగ్గర పెడితే తను నవ్వి దిండు మీద పడింది. అంత నవ్వు ఈ ఇంట్లో ఉన్నప్పుడు నేను చూసింది లేదు.

"ఎట్లున్నది?" అంది.

"మస్తుగుంది," అన్నాను.

తను నవ్వు ఆపి నన్నే చూసింది. నా నోట్లో ఆ మాట అతికించినట్టు ఉందని నాకూ తెలుసు. "నీకు రాదు, నువ్వు నీ లెక్కనే మాట్లాడు," అని, దుప్పటి అంచు మడతలు పెడుతూ అక్కడి కబుర్లు చెప్పింది. నార్వేజియన్ క్లాసులో చేరిందట, నడుస్తోందట. వసంతంలో మంచు కరిగితే ఊరు మొత్తం బయటికొస్తుందని శ్రీదేవాంటీ చెప్పిందట. ఒక్కో మాటా వెతుక్కుని, ఆగి, మళ్ళీ పట్టుకుని అడిగింది.

"నేను జూన్ దాక ఈడ ఉండాల్ననుకుంటున్న. ఉండనా అమ్మా?"

అటక మీద స్టార్ గుర్తొచ్చింది. సర్ది ఉంచిన మంచం గుర్తొచ్చింది. శ్రీదేవి మీద కుళ్ళు మళ్ళీ రాజుకుంది.

"ఉండు," అన్నాను.

అదే మాట ఇంగ్లీషులో అడిగి ఉంటే, దేవుడి తోడు, వద్దనేదాన్ని.