ఐదో స్పీకరు

టీవీలో మనుషులు నోళ్ళు కదుపుతున్నారు. మాట మాత్రం బయటికి రావడం లేదు.

ఫిట్టరు గోడ గడియారం చూశాడు. మూడున్నర. సీరియల్ ఆఖరి భాగం ఏడింటికి. ఈలోగా స్పీకర్లు నోరు విప్పకపోతే, భార్యతో వేసిన పందెంలో ఎవరు గెలిచారో అతనికి ఎప్పటికీ తెలియదు.

భార్య పోయి పద్నాలుగు నెలలైంది. సీరియల్ మాత్రం పోలేదు. ఇల్లు విడిచిపోయిన అన్న ఒకడు, వాణ్ణి క్షమించని చెల్లెలు ఒకతి. దాన్నే పట్టుకుని ఆరేళ్ళు సాగదీశారు. "ఎప్పటికైనా వాడు గుమ్మంలోకొస్తాడు, ఆ పిల్ల లోపలికి రానిస్తుంది. చూస్తూ ఉండు" అనేది ఆమె. "వస్తే రావచ్చు. రానివ్వదు. పోయినవాడు పోయినట్టే" అనేవాడు అతను. ఓడినవాళ్ళు ఏడాదిపాటు పొద్దున్నే లేచి టీ పెట్టాలి. అదీ పందెం. ఆ సీరియల్‌ని అతను తిట్టని రోజు లేదు, చూడని రోజూ లేదు. నిన్నటి భాగంలో అన్న నిజంగానే గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. చెల్లెలు తలుపు తీసింది. అక్కడ ఆపేశారు.

ఇవాళ ఆమె రమ్మంటుందా, పొమ్మంటుందా? బొమ్మ చూసి తెలుసుకునేది కాదది. వినాలి.

వినడమే వచ్చిపడిన చిక్కు. పంపుల ఫ్యాక్టరీలో ముప్ఫై ఆరేళ్ళు పని చేస్తే జీతంతో పాటు చెవుడు కూడా వచ్చింది. టీవీ సొంత శబ్దం అతనికి దోమ మూలిగినట్టుంటుంది. ఇన్నాళ్ళూ హోమ్ థియేటర్ స్పీకర్లు ఆదుకున్నాయి. అవి భార్య కొన్నవి. బట్టలు కుట్టి కూడబెట్టిన డబ్బుతో కొంది. కుట్టుమిషను చప్పుడులో కూడా మాటలు వినపడాలని ఆమె పట్టుదల. టీవీకి అటూ ఇటూ రెండు, నడుమ ఒకటి, మిషను పక్కన ఒకటి. ఐదోది అతని కుర్చీ వెనక, ఎడమ చెవికి జానెడు దూరంలో.

పోయిన వారం డిష్ బాక్సు కాలిపోయింది. కంపెనీ మనిషి వచ్చి కొత్తది పెట్టాడు. బొమ్మ రాగానే చేతులు దులుపుకున్నాడు.

"మరి స్పీకర్లో?" అన్నాడు ఫిట్టరు.

"మా పని బొమ్మ వరకే సార్. మీ స్పీకర్లు పాతకాలం నాటివి. ఎర్ర పిన్ను, తెల్ల పిన్ను పెట్టే చిల్లులు ఈ బాక్సుకి లేవు."

"అంటే మూగ బాక్సు అంటగట్టి పోతున్నావన్నమాట."

"పలకరించి చూడండి సార్, మాట్లాడుతుందేమో" అని అతను నవ్వుకుంటూ మెట్లు దిగాడు.

ఫిట్టరు నవ్వలేదు. కొత్త బాక్సు వెనక చతురస్రంగా ఒక చిన్న చిల్లు ఉంది. స్పీకర్ల పెట్టె వెనకా అలాంటిదే ఉంది. ఇన్నేళ్ళూ ఎవరూ వాడని చిల్లు అది. దానికి తగిన వైరు ఇవాళ పొద్దున కరెంటు సామాన్ల దుకాణంలో దొరికింది. ఇందులో కరెంటు పారదు, వెలుగు పారుతుందని దుకాణంవాడు చెప్పాడు. ఇలాంటి కబుర్లు చాలా విన్నానన్నట్టు ఫిట్టరు వాడివైపు చూసి, వైరు జేబులో పెట్టుకుని వచ్చేశాడు.

ఇంటికొచ్చి పెట్టబోతే అది చిల్లులో దిగలేదు. మొనకి లావు ఎక్కువ. వేరేవాడైతే తిరిగి దుకాణానికి పోయేవాడు. ఇతను ఫిట్టరు. దిగనిదాన్ని దింపడమే బతుకంతా చేసిన పని. సన్నటి ఆకురాయి తీశాడు, కళ్ళద్దాలు ముక్కు మీదికి లాక్కున్నాడు. మొనని నాలుగు వైపులా వెంట్రుకవాసి చొప్పున అరగదీశాడు. రెండో కొసనీ అలాగే చేశాడు. రెండూ బిగువుగా, కదలకుండా దిగాయి. ఫ్యాక్టరీలో అయితే సూపర్‌వైజరు భుజం తట్టేవాడు.

శబ్దం రాలేదు.

తన పనిలో లోపం ఉంటుందని అతనికి తోచలేదు. ఇక తప్పు స్పీకర్లదే అయ్యుండాలి. ఒక్కొక్క వైరూ చేత్తో పట్టుకుని గోడవారగా మోకాళ్ళ మీద పాకాడు. నాలుగు వైర్లూ సరిగా పెట్టెలోకి వెళ్ళాయి. ఐదోది, తన కుర్చీ వెనకది, బీరువా చాటుకు వెళ్ళి ఆగిపోయింది. దాని కొస దేనికీ తగిలించి లేదు. రాగితీగ పైకి కనపడకుండా చిన్న గుడ్డసంచీ తొడిగి, మూతి దగ్గర కుట్టేసి ఉంది. ఆవగింజంత కుట్లు. ఎవరి చెయ్యో అడగక్కర్లేదు.

అతను ఆ కొసని ఉన్నచోటే వదిలేశాడు. తర్వాత లేచి మరదలికి ఫోన్ చేశాడు. భార్యకి చెల్లెలు. ఆస్పత్రిలో నర్సు. స్పీకర్లు కొన్న రోజు అక్కకి తోడుగా ఉన్నది ఆమే.

"నువ్వే ఫోన్ చేశావంటే కొంపేదో అంటుకునే ఉంటుంది" అంది ఆమె.

"డ్యూటీ దిగాక ఒకసారి వచ్చి పో. వైర్ల సంగతి అడగాలి."

"నేను సూదులేసేదాన్ని బావా, వైర్లేసేదాన్ని కాదు."

వచ్చేసరికి ఆరు దాటింది. చెప్పులు విడుస్తూనే గది కలియజూసింది. ఆమె చూపు కుట్టుమిషను మీది దుప్పటి దగ్గర కాస్త ఆగి, ముందుకు జరిగింది. బాక్సు వెనకనుంచి కొత్త వైరు లాగి, కొసని దీపం దగ్గర పెట్టి చూసింది.

"బావా, ఇదేంటి?"

"పిన్ను. లావుగా ఉంటే అరగదీశా."

"పిన్నూ కాదు, నీ తలకాయా కాదు. ఇది మూత! సూదికి మూత తీయకుండా పొడిచేస్తావా ఎవరినైనా?" గోటితో గిల్లగానే బియ్యపుగింజంత ప్లాస్టిక్ తొడుగు ఊడి ఆమె అరచేతిలో పడింది. "దీన్నెలా చెక్కావు బావా! పెళ్ళిచూపులకి సింగారించినట్టు చెక్కావే!"

ఆ కొసని బాక్సులో పెట్టి, రెండో కొస మూత కూడా ఊడదీయగానే అక్కడ ఎర్రటి వెలుగు చుక్క కనిపించింది. దుకాణంవాడు అబద్ధం చెప్పలేదు. మరదలు ఆ కొసని స్పీకర్ల పెట్టెలో పెట్టి, దాని మీది మీట తిప్పింది.

గది దద్దరిల్లింది. ఎవడో సబ్బు అమ్ముతున్నాడు.

ఫిట్టరు ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "తగ్గించు! వెనక ఈ దరిద్రపు డబ్బా ఒకటి, చెవి పగలగొడుతోంది" అని అరిచాడు.

మరదలు శబ్దం తగ్గించింది. నవ్వుదామనుకున్న మొహం నవ్వలేకపోయింది.

"అది మోగట్లేదు బావా."

అప్పుడు గుర్తొచ్చింది అతనికి, మధ్యాహ్నం తాను పట్టుకుని చూసిన కొస. వెనక్కి తిరిగి స్పీకరుకు చెవి ఆనించాడు. ఉలుకూ పలుకూ లేదు.

"ఎప్పటినుంచి?"

"కొన్న వారానికే పీకేసింది. చెవి దగ్గర రొద అని నువ్వు గోల పెట్టిన మర్నాడు."

"ఎనిమిదేళ్ళు." అతను స్పీకరు మీద చెయ్యి వేశాడు. "ఎనిమిదేళ్ళు దీన్ని తిట్టాను. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పెయ్యమనే అన్నాను. తీసి అటక మీద పడెయ్యమన్నాను. 'తీసేస్తే నన్ను తిడతాడే. ఉండనీ, డబ్బాని తిట్టుకుంటాడు' అంది."

"ఇద్దరూ కలిసి నవ్వుకున్నారన్నమాట."

"మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత తర్వాత అక్క నవ్వేది కాదు."

ఫిట్టరు వెళ్ళి వీధి తలుపు తీసి పట్టుకున్నాడు. "చీకటి పడుతోంది. వెళ్ళు."

"నన్నా బావా పొమ్మంటున్నావు? వైరు సరిచేసింది నేను!"

"చేశావు. దాచిందీ నువ్వే."

ఆమె చెప్పులు వేసుకుంది. గుమ్మం దాటాక వెనక్కి తిరిగింది. "ఆఖరి రోజుల్లో కూడా నీ గురించి ఒక్క చెడ్డమాట అనలేదు అక్క. నేనైతే అనేదాన్ని" అని వెళ్ళిపోయింది. అతను తలుపు వేశాడు. వెనక్కి పిలుద్దామన్న ఆలోచన వచ్చింది. వచ్చినదాన్ని వచ్చినట్టే తోసేశాడు.

ఏడింటికి పది నిమిషాలుంది. బ్లేడు తీసుకుని బీరువా పక్కన కూర్చున్నాడు. కుట్లు ఒక్కొక్కటే తెంపాడు. గట్టి కుట్లు, లాగితే రాలేదు, ప్రతిదాన్నీ కోయాల్సి వచ్చింది. ఐదో వైరును పెట్టెకి తగిలించి, కుర్చీలో కూర్చున్నాడు. గుడ్డసంచీని చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడో అతనికే తెలియదు.

సీరియల్ మొదలైంది. మాటలన్నీ ముందునుంచే వచ్చాయి. వెనకనుంచి వాన మాత్రం సన్నగా కురిసింది. చెవి పగిలే రొద కాదది. ఎవరో పక్కన కూర్చుని బియ్యం చెరుగుతున్నంత చప్పుడు.

చివరికి చెల్లెలు గుమ్మంలో నిలబడింది. తెర నిండా ఆమె మొహమే. అన్న కనపడడు, గుమ్మం కనపడదు. ఆమె పెదవి కదలలేదు. రమ్మనలేదు. ఫిట్టరు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. చూశావా, రమ్మనదు, అనుకున్నాడు.

అడుగుల చప్పుడు వినపడింది. ముందు టీవీ దగ్గర. తర్వాత కుట్టుమిషను పక్కన. తర్వాత మెల్లగా, తడి చెప్పులతో, అతని ఎడమ చెవి వెనక్కి వచ్చి ఆగింది. అక్కడ ఒక తలుపు మూసుకుంది.

అతను తిరిగి చూశాడు.

గోడ. గోడకు చేరేసిన గొడుగు. ఎవరూ లేరు. మళ్ళీ ఇటు తిరిగేసరికి తెర మీద పేర్లు పైకి జరిగిపోతున్నాయి.

అన్న లోపలికి వచ్చేశాడు. ఆమె రానిచ్చింది. ఐదో స్పీకరు లేకపోతే ఆ సంగతి తెలిసేది కాదు, తానే గెలిచాననుకుని పడుకునేవాడు.

"గెలిచావులే" అన్నాడు, ఎవరినో కసురుతున్నట్టు.

పొద్దున్నే లేచి పొయ్యి మీద గిన్నె పెట్టాడు. ఓడినవాళ్ళు ఏడాదిపాటు టీ పెట్టాలి. గెలిచి ఉన్నా అతనే పెట్టుకోవాలి.