బోల్టు మీద నంబరు

“అసలు బోల్టు ఎవనికి అమ్మినవో చెప్పు! చెప్పకుంటే చెప్పిస్తరు!”

కరుణాకర్ రావు తన డ్రైవర్ జలపతి కాలర్ వదలలేదు. పోలీసులకు అప్పటికే ఫోన్ చేశాడు. కోరుట్ల స్టేషన్ నుంచి ఆ ఇంటికి జీపు రావడానికి పది నిమిషాలు చాలు.

“దేవుని తోడు సార్, పెట్టె ఇప్పనే లేదు. జగిత్యాల దుకాణంల తీస్కున్న, సీదా ఇంటికి తెచ్చిన.”

బల్ల దగ్గర లక్ష్మీరాజం తల ఎత్తలేదు. జగిత్యాల తుపాకుల దుకాణంలో నలభై రెండేళ్లుగా చేస్తున్న పనే చేస్తున్నాడు. గుడ్డ పరిచాడు, కళ్లజోడు దించుకున్నాడు, కార్బైన్‌ను వెల్లకిలా తిప్పాడు. గుర్రపు దళం సిపాయిలు వాడిన పొట్టి తుపాకి. నిరుడు పోయిన అర్జున్ రావు నుంచి కొడుకు కరుణాకర్ రావుకు వచ్చింది. ఎన్నికలంటే లైసెన్సు తుపాకులు అప్పజెప్పాలి గనుక నెలన్నర ఆ దుకాణంలోనే ఉండి, నిన్ననే ఇల్లు చేరింది. తూటాను గొట్టంలోకి నెట్టే బోల్టు మాత్రం మునుపటిలా జారడం లేదు; అసలుదైతే మంచి ధర పలుకుతుంది.

“కట్టె బట్టు అసలుదే. గొట్టం అసలుదే.”

“బోల్టు?” కరుణాకర్ రావు భార్య గిరిజ అడిగింది.

బోల్టు లాగి వెలుగులో పెట్టాడు. గొట్టం మీది నంబరే. కాని గొట్టం అంకెల లోపల నూరేళ్ల నలుపు; బోల్టు అంకెలను తుడిస్తే అడుగున తళుక్కుమంది.

“దొంగ బోల్టు. అసలుది మార్చిండ్రు.”

“ఇన్నవా?” కరుణాకర్ రావు జలపతిని గోడకు నెట్టాడు. “లక్ష్మీరాజం మాటంటే స్టేషన్‌ల గూడ మాటే. ఇగ జైలు కూడు తిను!”

“బాపూ, జర మంచిగ సూడు.” జలపతి చేతులు జోడించాడు. “నా పెండ్లాం రమకు నెలలు నిండినయి.”

లక్ష్మీరాజం అగ్గిపుల్లతో బోల్టు సందులోని గ్రీజు తీసి వేళ్ల మధ్య నలిపాడు. తెల్లగా సాగింది. నూలు నుసి. సిరిసిల్ల మగ్గాల షెడ్లలో జుట్టు మీద, కనురెప్పల మీద, చాయ్ గ్లాసులో రాలే నుసి.

బోల్టు పిడి తిప్పాడు. ఆకురాయి గీతలు ఎదురు వాలుగా ఉన్నాయి. ఎడమచేతి వాటం. వేళ్లు పట్టి ఎంత దిద్దినా మారని చెయ్యి అది. సిరిసిల్లలో మగ్గాల నడుమ ఇనుము చెక్కే లేతు మిషన్ పెట్టుకున్న చెయ్యి. పోయిన నెల ఆదివారాలు దుకాణానికొచ్చి, “నీకు కండ్లు ఆనుతలేవు నాయినా, నూనె నేను పెడత తియ్యి” అన్న చెయ్యి.

గేటు బయట జీపు ఆగింది.

“దారిల మారిందంతేనా? ఔ అను, చాలు,” అన్నాడు కరుణాకర్ రావు.

ఔననడం సులువే. లక్ష్మీరాజం చూసిన తుపాకిని మళ్లీ చూసినవాడు ఈ చుట్టుపక్కల లేడు.

అతను లేచి, నడుము నుంచి తాళంచెవుల గుత్తి విప్పి బల్ల మీద పెట్టాడు.

“ఇగ నేను రానని మా సేటుకు చెప్పుండ్రి. జలపతిని ఇడువుండ్రి సారూ. గాయన చేతికి రాకముందే మారింది, మా దుకాణంలనే.”

ఎస్సై గడప దాటి లోపలికొచ్చాడు. “ఎవడు మార్చింది పెద్దమనిషీ?”

లక్ష్మీరాజం చెప్పుల్లో కాళ్లు దూర్చడానికి రెండుసార్లు తడబడ్డాడు.

“రాసుకోండ్రి. పేరు జితేందర్. ఊరు సిరిసిల్ల. తండ్రి పేరు లక్ష్మీరాజం. నడువుండ్రి, ఇల్లు నేను చూపిస్త.”

జీపు వెళ్లిపోయింది. బల్ల మీద తాళంచెవులు మిగిలాయి, నడుముకు రాసుకుని రాసుకుని పళ్లు అరిగిపోయి.